కొవ్వు తోకలు

జూన్ 2, ఆదివారం. రాజమండ్రి.

అమ్మ చేతి కట్టు విప్పి పది రోజులైంది. పెరట్లో కుళాయి దగ్గర జారి చెయ్యి ఆనించింది. అంతే, మణికట్టు విరిగింది. అంత చిన్న దెబ్బకే విరిగిందంటే ఎముక గుల్లబారినట్టేనని డాక్టరుగారు స్కాన్ తీయించి, వారానికో మాత్ర రాశారు. అలెండ్రోనేట్, 70 మిల్లీగ్రాములు. మందుల షాపు కుర్రాడు స్ట్రిప్ మీద పెన్నుతో ‘టిఫిన్ తర్వాత’ అని రాసిచ్చాడు. అమ్మకి ఆ రాత శిలాశాసనం. ఇవాళ ఇడ్లీ తిని, గ్లాసుడు పాలు తాగి, మాత్ర మింగి, హాయిగా నడుం వాల్చింది. నేను కూరల మార్కెట్ నుంచి వచ్చేసరికి అంతా అయిపోయింది.

డబ్బాలో మడత పెట్టిన కాగితం తీసి చదివాను. అన్నీ తలకిందులు. పరగడుపున వేసుకోవాలి. గ్లాసు నిండా మంచినీళ్లతో మింగాలి. అరగంట దాకా ఏమీ తినకూడదు, తాగకూడదు, పడుకోకూడదు. పడుకుంటే మాత్ర గొంతు గొట్టంలో ఆగి పుండు చేస్తుంది. పాలతో తీసుకుంటే అందులో కాల్షియం మాత్రని పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. నాలుగు మాత్రల స్ట్రిప్‌లో ఒకటి దండగైంది.

“బోడి మాత్రకి ఇన్ని మడి ఆచారాలా?” అంది అమ్మ.

ఆ కాగితంలో మాత్ర ఎలా వేసుకోవాలో ఉంది, అది లోపల ఏం చేస్తుందో లేదు. మధ్యాహ్నం పుస్తకం తీశాను. మన ఎముకని రోజూ కొంచెం కొరికి తినే కణాలున్నాయి, ఆస్టియోక్లాస్టులు. తిన్నచోట కొత్త ఎముక పోసే కణాలు వేరే ఉన్నాయి. వయసు మీద పడ్డాక తినేవాళ్ల జోరు ఎక్కువవుతుంది. ఈ మాత్ర వెళ్లి ఎముకకి అంటుకుని కూర్చుంటుంది. ఎముకని ఆమ్లంతో కరిగించి మింగే కణం దాంతోపాటు మందునీ మింగుతుంది. అక్కడ మందు ఒక ఎంజైముని అడ్డుకుంటుంది. ఆ ఎంజైము చేసే సరుకు ఒక చిన్న కొవ్వు తోక, ఫార్నెసిల్. దాని నుంచే మరో పొడుగు తోక కూడా తయారవుతుంది. ఈ తోకలు తగిలించుకోవాల్సిన ప్రోటీన్లు మొండిగా మిగిలిపోతాయి. కణానికి ఎముక మీద పట్టు దొరకదు, తవ్వలేదు.

అంటే అమ్మ ఎముక నిలబడాలంటే, ఆ తినే కణంలో ప్రోటీన్లకి కొవ్వు అంటకూడదు. ఇరవై ఏళ్లుగా బయోకెమిస్ట్రీ చెబుతున్నాను. ప్రోటీన్లకి కొవ్వు తగిలే సంగతి ఎప్పుడూ ఒక్క పేరాతో సరిపెట్టేశాను. ఈసారి ఫైనలియర్ పిల్లలకి దీని మీద రెండు క్లాసులు తీసుకోవాలి. ఈ నోట్‌బుక్‌లో అందుకోసం రాసుకుంటున్నాను.

జూన్ 4, మంగళవారం.

పొద్దుటి నుంచి వీధంతా టీవీల్లో ఓట్ల లెక్కింపు మోత. అమ్మకి అది పట్టలేదు. మామయ్య పంపిన పనసపండు ముందేసుకుని కూర్చుంది. ఒంటిచేత్తో కత్తిపీట తొక్కుతానంటే నేను ఒప్పుకోలేదు. నేను కోస్తుంటే పక్కన కూర్చుని హుకుం: “ముందు చేతులకి నూనె రాసుకోవే. కత్తిపీటకీ రాయి.” రాయకుండా ఒకసారి మొదలుపెట్టి చూశాను. జిగురు వేళ్లకి తగులుకుంది. సబ్బు పెట్టి ఎంత కడిగినా వదల్లేదు. రెండు చుక్కల నువ్వులనూనె రాస్తే వదిలింది.

ఇది క్లాసులో చెప్పాలి, నీళ్లకి లొంగనిది నూనెకి లొంగుతుందని. కణం లోపలంతా నీళ్లు. దాని చుట్టూ ఉన్న పొర మాత్రం కొవ్వు, రెండు కొవ్వు అణువుల మందం. ప్రోటీన్లు చాలామటుకు నీళ్లలో పుట్టి నీళ్లలో తిరుగుతాయి. వాటిలో కొన్నింటికి పని పొర దగ్గర ఉంటుంది. బయట నుంచి వచ్చే కబురు అందుకుని లోపలికి చేరవేసే పని. నీళ్లలో తిరిగేది కొవ్వు గోడని పట్టుకుని నిలబడాలంటే దానికో కొవ్వు ముక్క తగిలించాలి. వేల పరమాణువులున్న భారీ ప్రోటీనుకి పదిహేను కార్బన్ల తోక ఎంత? ఏనుగు తోకంత కూడా కాదు. కానీ ఆ ఏనుగు ఎక్కడ నిలబడాలో ఆ తోకే నిర్ణయిస్తుంది.

దీనికి నాకు తెలిసిన గట్టి సాక్ష్యం కోళ్ల నుంచి వచ్చింది. 1911లో న్యూయార్కులో పేటన్ రౌస్ అనే ఆయన ఒక కోడి కణితిని నూరి, కణాలేవీ మిగలకుండా వడగట్టి, ఆ ద్రవాన్ని ఇంకో కోడికి ఎక్కిస్తే దానికీ కణితి వచ్చింది. అందులో ఉన్నది వైరస్. ఆయనకి నోబెల్ రావడానికి 1966 దాకా పట్టింది. ఆ వైరస్ మోసుకొచ్చే ప్రోటీను పేరు సార్క్. దాని మొదట్లో ఉండే గ్లైసిన్‌కి పద్నాలుగు కార్బన్ల కొవ్వు తగులుతుంది. 1980ల నడుమ ఆ గ్లైసిన్ తీసేసి వేరే అమైనో ఆమ్లం పెట్టి చూశారు. ప్రోటీను తయారైంది, దాని ఎంజైము పని మామూలుగానే ఉంది. కణం మాత్రం కేన్సర్‌గా మారలేదు. ఎందుకంటే సార్క్ పొర దగ్గరికి చేరనే లేదు, నీళ్లలో తేలుతూ ఉండిపోయింది.

ఉద్యోగం ఉంది, చేతిలో పని ఉంది, కుర్చీ లేదు. మా కాలేజీలో గెస్ట్ లెక్చరర్లని తలుచుకుంటే ఈ పోలిక పిల్లలకి వెంటనే అర్థమవుతుంది, కానీ చెప్పను.

జూన్ 5, బుధవారం.

తోకల పేర్లు చూస్తుంటే కిరాణా కొట్టు చిట్టాలా ఉంది. పద్నాలుగు కార్బన్లది మిరిస్టిక్ ఆమ్లం. మిరిస్టికా అంటే జాజికాయ చెట్టు. 1841లో జాజికాయ కొవ్వు నుంచే దీన్ని తీశారు. పదహారు కార్బన్లది పామిటిక్. ఏలూరు నుంచి చింతలపూడి వైపు వెళ్తే రోడ్డుకి రెండు పక్కలా కనిపించే ఆయిల్ పామ్ తోటలే దానికి గని. ఆ నూనెలో నూటికి నలభై పాళ్లకి పైగా ఉండేది అదే.

రెంటికీ పెద్ద తేడా ఉంది. జాజికాయ తోక ప్రోటీను పుడుతూ ఉండగానే తగులుతుంది, ఇక ఊడదనే లెక్క. అది పచ్చబొట్టు. పామ్ తోకని తగిలించవచ్చు, తీసేయవచ్చు, మళ్లీ తగిలించవచ్చు. అది బొట్టుబిళ్ల. అద్దం మీది నుంచి నుదుటి మీదికి, నుదుటి మీది నుంచి అద్దం మీదికి. మనిషిలో ఈ బొట్టుబిళ్ల పెట్టే ఎంజైములు ఇరవై మూడున్నాయి. తీసేవి వేరే. మెదడులో ఒక నాడీకణం ఇంకోదానికి కబురందించే చోట ఈ పెట్టడం, తీయడం ఎడతెగకుండా నడుస్తూనే ఉంటుంది.

జూన్ 8, శనివారం.

మృగశిర వచ్చింది. సందు మొదట్లో చేపల బుట్టల దగ్గర నిలబడ చోటు లేదు. సాయంత్రం ఎండ తగ్గాక కాలవగట్టు మీద నడిచాను. అక్కడొక కస్తూరి తుమ్మ ఉంది. మామూలు తుమ్మ కన్నా పొట్టిది, జంటలు జంటలుగా తెల్లటి ముళ్లు. ఇది పూలకాలం కాదు, నల్లబడిన పొట్టి కాయలే ఉన్నాయి. చలికాలంలో అయితే పసుపుముద్దల్లాంటి పూలతో గట్టంతా ఘుమఘుమలాడుతుంది. మేకల కాపరులు తప్ప ఈ చెట్టుని తలెత్తి చూసేవాళ్లు లేరు.

దీని పుట్టిల్లు అమెరికా ఖండం. పదిహేడో శతాబ్దం మొదట్లో రోములో ఫార్నేసే అనే ప్రభువుల తోటలో పెంచారు. వాళ్ల పేరే చెట్టుకి వచ్చింది. ఫ్రాన్సు వాళ్లు దీని పూల నుంచి అత్తరు తీశారు. ఆ పూల నూనెలో దొరికిన పదార్థానికి ఫార్నెసాల్ అని పేరు పెట్టారు. ఆ ఫార్నెసాల్ పేరే పదిహేను కార్బన్ల ఫార్నెసిల్ తోకకి దక్కింది. అమ్మ మాత్ర అడ్డుకునేది ఈ తోకనే. ఇది నిఖార్సైన కొవ్వు ఆమ్లం కాదు, ఐదేసి కార్బన్ల ఇటుకలు మూడు పేర్చిన గొలుసు. నాలుగు పేరిస్తే ఇరవై కార్బన్ల తోక. వేలకి వేలు పేర్చుకుంటూ పోతే రబ్బరు.

రోము ప్రభువు తోట నుంచి రాజమండ్రి కాలవగట్టుకి, అక్కడి నుంచి మా అమ్మ మణికట్టుకి! ఒక కొమ్మ విరిచి తేబోయి వేలికి ముల్లు గుచ్చుకున్నాను.

జూన్ 9, ఆదివారం.

రెండో మాత్ర. ఆరూ పదికి మింగించాను. అమ్మకి లేవగానే కాఫీ పడాలి, లేకపోతే ఇల్లు పీకి పందిరేస్తుంది. కాఫీతో వేసుకుంటే మందు సగం కూడా ఒంటబట్టదు. కుర్చీలో కూర్చోబెట్టి గోడగడియారం ఎదురుగా నిలబడ్డాను.

“ఆకలేస్తోందే.”

ఆకలి కబురుని కడుపు నుంచి మెదడుకి మోసేది గ్రెలిన్ అనే చిన్న హార్మోను. అదీ ఈ బాపతే. ఎనిమిది కార్బన్ల కొవ్వు తగిలితే గానీ ఆకలి కబురు మోయలేదు. ఆ ఎనిమిది కార్బన్ల ఆమ్లానికి కాప్రిలిక్ అని పేరు, లాటిన్‌లో మేక నుంచి వచ్చింది. మేకపాలలోనూ కొబ్బరినూనెలోనూ ఉంటుంది. తగిలించే ఎంజైముని 2008లో పట్టుకున్నారు. దాని పొడి అక్షరాలు కలిపితే ఇంగ్లీషులో మళ్లీ మేకే అయింది! శాస్త్రవేత్తలు పేర్లు పెట్టేటప్పుడు మాత్రం చిన్నపిల్లలైపోతారు.

ఇదంతా చెబితే అమ్మ విని, “ఆరూ నలభై అయింది, ఇక కాఫీ పెట్టు” అంది.

జూన్ 12, బుధవారం.

అకీరా ఎండో పోయారన్న వార్త ఇవాళ చూశాను. ఈ నెల 5న, తొంభై ఏళ్ల వయసులో. పేరు ఎంతమందికి తెలుసో గానీ, ఆయన పుణ్యాన మొదలైన మందు మా వీధిలో ఇంటికో డబ్బా ఉంటుంది. 1971 నుంచి రెండేళ్లపాటు ఆరువేల పైచిలుకు బూజులని పరీక్షించి, ఒక పచ్చబూజులో కొలెస్టరాల్ తయారీని ఆపే పదార్థం పట్టుకున్నారు. ఆ బూజు క్యోటోలో బియ్యం మీద దొరికింది. స్టాటిన్లన్నింటికీ మూలం అదే.

అమ్మ మందుల డబ్బాలో రాత్రిపూట వేసుకునే అటోర్వాస్టాటిన్ కూడా ఉంది. రెండు స్ట్రిప్పులూ పక్కపక్కన పెట్టి చూశాను. ఒకటి గుండె డాక్టరు రాసింది, ఒకటి ఎముకల డాక్టరు రాసింది. నిజానికి రెండూ ఒకే రోడ్డు మీద ఉన్న చెక్‌పోస్టులు. కణం కొలెస్టరాల్ చేసే దారిలోనే ఫార్నెసిల్ కూడా తయారవుతుంది. స్టాటిన్ ఆ దారి మొదట్లో అడ్డం నిలబడుతుంది, అలెండ్రోనేట్ మధ్యలో. మరి స్టాటిన్ వేసుకున్నవాళ్లకి తోకలు కరువవ్వవా? స్టాటిన్ ఎక్కువగా కాలేయంలోనే పనిచేస్తుంది, అలెండ్రోనేట్ ఎముక దగ్గరే దిగబడుతుంది. అడ్డుకునే దారి ఒకటే గానీ దిగే స్టేషన్లు వేరు. రెండు మాత్రలూ ఒక డబ్బాలో కాపురం చేసేది అందుకే.

జూన్ 15, శనివారం.

కేన్సర్ కథ క్లాసులో ఎంతసేపు చెప్పాలో తేలడం లేదు. నాకైతే అది అహంకారం దెబ్బతిన్న కథ. క్లుప్తంగా రాసుకుంటున్నాను.

రాస్ అనే ప్రోటీను కణానికి ‘పెరుగు’ అని చెప్పే స్విచ్చు. చాలా కేన్సర్లలో అది చెడి, వేసిన స్విచ్చు వేసినట్టే ఉండిపోతుంది. ముఖ్యంగా క్లోమం, పెద్దపేగు, ఊపిరితిత్తుల్లో. రాస్ పనిచేయాలంటే ఫార్నెసిల్ తోకతో పొరకి అతుక్కోవాలి. 1990లో ఆ తోక తగిలించే ఎంజైముని టెక్సస్‌లో బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌ల బృందం విడదీసింది. కొలెస్టరాల్ మీద పనికి 1985లో నోబెల్ తీసుకున్న జంట వీళ్లే. పైన మేక ఎంజైము వెనక ఉన్నదీ వీళ్ల ప్రయోగశాలే. ఇంకేముంది, తోక కోసేస్తే రాస్ చచ్చినట్టేనని కంపెనీలు ఎగబడి మందులు చేశాయి. ఎలుకల్లో కణితులు కరిగాయి. మనుషుల్లో కరగలేదు.

కారణం చూస్తే నవ్వొస్తుంది. ఎలుకల్లో వాడింది హెచ్-రాస్. మనుషుల కేన్సర్లలో ఎక్కువగా చెడేది కె-రాస్. పదిహేను కార్బన్ల తోక దొరక్కపోతే కె-రాస్ పక్క ఎంజైముని ఆశ్రయించి ఇరవై కార్బన్ల తోక తగిలించుకుంది. రైలు టికెట్ దొరక్కపోతే బస్సెక్కినట్టు. మందులు అటకెక్కాయి. హెచ్-రాస్‌కి ఆ బస్సు సౌకర్యం లేదు. అందుకే తల, మెడ కేన్సర్లలో హెచ్-రాస్ చెడిన కొద్దిమందికి ఆ జాతి మందొకటి కొంత పనిచేసింది.

అటకెక్కినవాటిలో లోనాఫార్నిబ్ ఒకటి. దాని సంగతి రేపు.

జూన్ 16, ఆదివారం.

మూడో మాత్ర, ఆరూ ఐదుకి. గొడవ లేదు.

పక్కింటివాళ్ల స్లాబుకి ఇవాళ సెంట్రింగ్ విప్పుతున్నారు. పొద్దున్నుంచి చెక్కలు, ఇనప రేకులు కిందపడుతున్న చప్పుడు. సర్వీ కర్రలు ఒక్కొక్కటీ లాగి గోడకి ఆనిస్తున్నాడు మేస్త్రీ. కాంక్రీటు గట్టిపడేదాకా ఆ కర్రలే ప్రాణం. గట్టిపడ్డాక అవి తీయకపోతే ఆ గది గదే కాదు, మనిషి దూరలేడు.

ఇదే ప్రొజేరియా. ‘పా’ సినిమాలో అమితాబ్ వేసిన పన్నెండేళ్ల పిల్లాడి జబ్బు అంటే పిల్లలకి వెంటనే తెలుస్తుంది. ఏడాది, రెండేళ్ల వయసులో ఎదుగుదల ఆగిపోతుంది, జుట్టు రాలిపోతుంది, చర్మం బిగుసుకుపోతుంది. రక్తనాళాలు ముసలివాళ్లవిలా గట్టిబడి, మందులేమీ లేకపోతే సగటున పద్నాలుగున్నరేళ్లకి గుండెపోటుతోనో పక్షవాతంతోనో పోతారు. తెలివి మాత్రం చెక్కుచెదరదు.

కణంలో కేంద్రకానికి లోపలి వైపు ఒక అల్లిక ఉంటుంది, లామిన్ల అల్లిక. మన హైదరాబాద్‌లో సీసీఎంబీలో వీణా పర్నాయక్ బృందం ఏళ్ల తరబడి ఈ లామిన్ల మీదే పనిచేసింది. లామిన్-ఎ మొదట పొడుగ్గా పుడుతుంది. దాని కొసకి ఫార్నెసిల్ తోక తగులుతుంది. ఆ తోక దాన్ని కేంద్రకం పొర దగ్గరికి చేరుస్తుంది. చేరాక ఒక కత్తెర ఎంజైము వచ్చి తోకతో సహా చివరి పదిహేను అమైనో ఆమ్లాలు కత్తిరించేస్తుంది. అంటే సెంట్రింగ్ విప్పేస్తుంది. అక్కడి నుంచి లామిన్ స్వేచ్ఛగా అల్లికలో చేరుతుంది.

ప్రొజేరియా పిల్లల్లో మారింది ఒకే ఒక్క అక్షరం. లామిన్-ఎ జన్యువులో 1824వ చోట సి బదులు టి. ఆశ్చర్యమేమిటంటే ఆ మార్పుతో అమైనో ఆమ్లం మారదు. అప్పుడూ గ్లైసినే, ఇప్పుడూ గ్లైసినే. కానీ జన్యువు నకలుని కత్తిరించి అతికించే యంత్రాంగం అక్కడ విరుపు ఉందనుకుని పొరబడుతుంది. పద్యంలో అక్షరం మారింది, అర్థం మారలేదు, పదవిభాగం మారిపోయింది. దాంతో 150 అక్షరాలు, అంటే 50 అమైనో ఆమ్లాలు ఎగిరిపోతాయి. కత్తెర పడాల్సిన చోటు సరిగ్గా ఆ యాభైలోనే ఉంది. తోక తగులుతుంది, ఊడే దారి లేదు. పొరకి అలా అతుక్కుపోయిన ప్రోటీను పేరు ప్రొజెరిన్. మైక్రోస్కోపు కింద ఆ కేంద్రకాలు చూస్తే నున్నటి కోడిగుడ్డులా ఉండాల్సినవి సొట్టలు పడి, బుడిపెలు కట్టి, నలిపిన కాగితం ఉండల్లా ఉంటాయి.

బాస్టన్ దగ్గర లెస్లీ గోర్డన్ అనే డాక్టరమ్మ కొడుకు శామ్ బెర్న్స్‌కి ఈ జబ్బుందని 1998లో తేలింది. ప్రపంచంలో ఎవరూ దీని మీద పనిచేయడం లేదని తెలిసి, 1999లో భర్తతో కలిసి ఆమే ఒక సంస్థ పెట్టింది. 2003 కల్లా జన్యువు దొరికింది, అమెరికాలో ఫ్రాన్సిస్ కాలిన్స్ బృందానికీ ఫ్రాన్సులో ఇంకో బృందానికీ ఒకేసారి. తోక వల్లే చేటు అని తెలిశాక అటక మీద ఉన్న కేన్సర్ మందు గుర్తొచ్చింది. 2007లో పిల్లలకి ఇచ్చి చూడటం మొదలైంది. అమెరికా ప్రభుత్వం 2020 నవంబర్ 20న లోనాఫార్నిబ్‌ని అనుమతించింది. ఆ మందుతో ఆయుర్దాయం సగటున రెండున్నరేళ్లు పెరిగిందని అప్పటి లెక్క. శామ్ అప్పటికి లేడు. 2014 జనవరిలో, పదిహేడేళ్ల వయసులో పోయాడు.

రెండున్నరేళ్లేనా అనిపిస్తుంది. పద్నాలుగేళ్ల బతుకులో రెండున్నరేళ్లంటే ఎంతో ఆ తల్లిని అడగాలి.

సెంట్రింగ్ పోలిక ఒకచోట తప్పుతుంది. ఇక్కడ తోకతో పాటు ప్రోటీను కూడా పాడైంది. తోక తగలకుండా ఆపినా ఆ పొట్టి ప్రోటీను పూర్తిగా మంచిదైపోదు. క్లాసులో ఈ ముక్క మరిచిపోకూడదు.

జూన్ 19, బుధవారం.

రాత్రి తొమ్మిదింటికి పాత విద్యార్థిని ఫోను. విశాఖలో ఒక ల్యాబులో పనిచేస్తోంది. “మేడమ్, ఇవాళ మీరు గుర్తొచ్చారు” అంటూ మొదలుపెట్టింది. పాతికేళ్ల కుర్రాడి రక్తం వచ్చిందట. ఏడాదిగా రక్తహీనత. పొద్దున పూట మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వస్తోంది. మొదట చూసినచోట కిడ్నీలో రాయి అనుకుని ఆరునెలలు మందులు వాడించారు.

తను చేసింది ఫ్లో సైటోమెట్రీ. కణాలని ఒకదాని వెనక ఒకటి సన్నటి ధారలో పంపి లేజర్ వేస్తారు. వాడిన రంగు ఒక బ్యాక్టీరియా విషం నుంచి వచ్చింది. కణానికి కన్నం పెట్టే గుణం తీసేసి, వెలుగు రంగు అంటించిన విషం. దాని ప్రత్యేకత ఏమిటంటే, కణం పొర మీద ఒక రకం కొవ్వు లంగరు ఉంటేనే అతుక్కుంటుంది. ఆ లంగరుకి పొరలో కొవ్వు వేరు, దాని మీద చక్కెరల కాడ, కాడ చివర ప్రోటీను పువ్వు. మనలో నూట యాభైకి పైగా ప్రోటీన్లు ఈ కాడ మీదే నిలబడతాయి.

“తెర మీద తెల్లకణాలు రెండు గుంపులుగా విడిపోయాయి మేడమ్. ఒక గుంపు వెలుగుతోంది. ఇంకో గుంపు చీకటి. చీకటి గుంపే పెద్దది. మిషన్ తప్పేమోనని మళ్లీ కడిగి, నా రక్తం నేనే తీసుకుని వేసి చూశా. నాది ఒకటే గుంపు, మొత్తం వెలుగే.”

పొడుగు పేరున్న ఈ జబ్బుని అందరూ పీఎన్‌హెచ్ అనే అంటారు. ఎముక మూలుగలోని ఒక మూలకణంలో పిగ్-ఎ అనే జన్యువు చెడుతుంది. పుట్టుకతో వచ్చింది కాదు, తల్లిదండ్రుల నుంచి వచ్చింది కాదు. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. మగవాడికి అది ఒకటే, ఆడదానికి రెండున్నా ప్రతి కణంలో ఒకటి నిద్రలో ఉంటుంది. కాబట్టి ఒక్క దెబ్బ చాలు. లంగరు తయారవదు. ఆ మూలకణం నుంచి పుట్టిన రక్తకణాలన్నీ బోడిగా పుడతాయి.

బోడిగా ఉంటే ఏం పోయింది? రక్తంలో కాంప్లిమెంట్ అనే కాపలా ప్రోటీన్ల దండు తిరుగుతుంటుంది. పరాయి క్రిమి కనబడితే దాని పొరకి కన్నాలు పెడుతుంది. మన కణాల మీద ‘వీడు మనవాడే’ అని చెప్పే రెండు ప్రోటీన్లుంటాయి, సీడీ55, సీడీ59. రెండూ ఈ కొవ్వు లంగరు మీద నిలబడేవే. లంగరు లేక అవీ లేవు. దండు సొంత ఎర్రకణాలనే చిల్లులు పొడిచి చంపేస్తుంది. లోపలి ఎర్రరంగు మూత్రంలోకి దిగుతుంది. రాత్రంతా నిలవున్న మూత్రం చిక్కబడుతుంది కాబట్టి పొద్దున్నే డికాక్షన్ రంగు. రక్తం గడ్డలు కట్టడం ఈ జబ్బులో అసలు ప్రమాదం.

2007లో ఎకులిజుమాబ్ అనే మందు వచ్చింది. కాంప్లిమెంట్ దండుని ఆపుతుంది గానీ లంగరుని తిరిగి ఇవ్వదు. ప్రపంచంలో అత్యంత ఖరీదైన మందుల్లో దాని పేరుండేది. పూర్తిగా నయం కావాలంటే మూలుగ మార్పిడే. “ఆ అబ్బాయికి అన్న ఉన్నాడట మేడమ్, సరిపోతుందేమో చూస్తారట” అంది.

“రిపోర్టు ఇచ్చేశావామ్మా?” అన్నాను.

“సంతకానికి పంపాను. పొద్దున ఇస్తారు.”

మొదటి ఏడాది ఈ పిల్లే పిపెట్ పట్టుకోడానికి భయపడి ఏడ్చింది.

జూన్ 21, శుక్రవారం.

మొదటి క్లాసు అయింది. గంటలో సగం బోర్డు మీద పనసజిగురే. చివర్లో వెనక బెంచీ అబ్బాయి లేచి, “ఇంతకీ మేడమ్, కొవ్వు తగలడం మంచిదా చెడ్డదా?” అన్నాడు. పరీక్షకి ఒక్క మార్కు జవాబు కావాలి వాడికి.

ఫిన్లాండ్ పిల్లల కథ చెప్పాను. పుట్టినప్పుడు బానే ఉంటారు. ఏడాది తిరిగాక నేర్చుకున్న మాటలూ నడకా ఒక్కొక్కటే పోతాయి, చూపు పోతుంది. అక్కడ ఇరవై వేల కాన్పులకి ఒకరిలో కనిపించే జబ్బు. 1995లో ఆ దేశపు లీనా పెల్టొనెన్ బృందం కారణం పట్టుకుంది. ఆయువు తీరిన ప్రోటీన్ల నుంచి పామ్ తోకని వేరుచేసే ఎంజైము ఆ పిల్లల్లో లేదు. పెట్టిన బొట్టుబిళ్ల తీసేవాళ్లు లేరు. తీయని తోకల చెత్త మెదడు కణాల్లో పేరుకుపోతుంది.

ఎముక తినే కణంలో తగలకపోతే మా అమ్మకి మేలు. రక్తకణానికి తగలకపోతే చావు. లామిన్‌కి తగలాలి, తగిలి ఊడాలి. రాస్‌కి తగలకూడదని మందు వేస్తే అది ఇంకోటి తగిలించుకుంటుంది. “నువ్వు అడగాల్సింది ఏ ప్రోటీనుకి, ఏ కణంలో, ఎప్పుడు అని” అన్నాను. వాడు మూడూ నోట్సులో రాసుకుని, మూడింటికీ కలిపి ఎన్ని మార్కులని అడిగాడు.

జూన్ 23, ఆదివారం.

నిన్న ఏరువాక పున్నమి. కొంచెం చినుకు పడింది, నేల తడిసింది.

ఆరింటికి అమ్మే లేచి, తనే నీళ్లు ముంచుకుని, మాత్ర మింగి, గడియారం ఎదురుగా కూర్చుంది. మణికట్టు మెల్లగా తిప్పి చూపించింది, బొటనవేలి వైపు ఇంకా పట్టేస్తోందంది. ఆరున్నరకి కాఫీ ఇచ్చాను.

స్ట్రిప్ ఖాళీ అయింది. నాలుగు మాత్రల్లో పనికొచ్చినవి మూడు. కొత్తది ఆ షాపులోనే తెస్తాను, ఆ కుర్రాడి చేత స్ట్రిప్ మీద ‘పరగడుపున’ అని రాయించి మరీ తెస్తాను.